బ్యాటరీ పోయిందా... చార్జింగే ఎక్కడం లేదా?

తొలకరి వాన పడింది. నేల పదునెక్కింది. ఊరంతా దుక్కికి దిగింది. ఇలాంటి రోజున పొద్దున్నే ట్రాక్టరెక్కి సెల్ఫ్ కొడితే 'టిక్' మన్న శబ్దం తప్ప ఇంజను కదలకపోతే ఆ రైతు బాధ చెప్పనలవి కాదు. సొంత చేలో పదును ఆరిపోతుంది. మాట ఇచ్చిన పక్క రైతు వేరే బండిని మాట్లాడుకుంటాడు. నలుగురిని పిలిచి నెట్టించి, ఎలాగో స్టార్ట్ చేసి పట్టణంలో దుకాణానికి తీసుకెళితే "బ్యాటరీ పోయిందండీ, కొత్తది వేసెయ్యండి" అంటారు. అప్పో సప్పో చేసి కొత్తది వేయిస్తాడు. మళ్లీ ఏడాది తిరక్కుండానే అదే కథ.

మూడెకరాల పొలం, ఒక పాత ట్రాక్టరు, నాలుగు ఊళ్ల కిరాయి పనులు. వీటిమీదే బతుకుతున్న చిన్న రైతులు మన జిల్లాలో చాలామందే. వారికి బ్యాటరీ ఖర్చు చిన్నది కాదు. అయితే దిగిపోయిన ప్రతి బ్యాటరీ చెడిపోయిన బ్యాటరీ కాదు. చాలాసార్లు లోపం ఫ్యాను బెల్టులోనో, వైరులోనో, ఆల్టర్నేటర్‌లోనో ఉంటుంది. అది సరిచేయకుండా కొత్త బ్యాటరీ వేస్తే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. బ్యాటరీ ఎందుకు దిగుతుంది, ఎలా కనిపెట్టాలి, ఎన్నాళ్లు మన్నించుకోవచ్చు అనేవి రైతే తెలుసుకుంటే వృథా ఖర్చు తగ్గుతుంది.

లోపల ఏముంటుంది?

ట్రాక్టరుకు వాడేది 12 వోల్టుల సీసం-యాసిడ్ బ్యాటరీ. ఫ్రాన్సు శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో ఈ రకం బ్యాటరీని తయారుచేశాడు. నేటికీ సూత్రం అదే. లోపల ఆరు గడులుంటాయి. ఒక్కో గడిలో సీసపు ప్లేట్లు, వాటిని ముంచుతూ నీళ్లు కలిపిన గంధకామ్లం. ఒక్కో గడి రెండు వోల్టుల పైచిలుకు ఇస్తుంది. ఆరూ కలిస్తే నిండు చార్జింగులో 12.6 వోల్టుల దాకా వస్తుంది.

బ్యాటరీ కరెంటు ఇస్తున్నకొద్దీ యాసిడ్‌లోని గంధకం ప్లేట్లకు పట్టి తెల్లని సీసపు సల్ఫేటుగా మారుతుంది. చార్జింగు ఎక్కితే మళ్లీ యాసిడ్‌లోకి వచ్చేస్తుంది. దిగిన బ్యాటరీని వెంటనే ఎక్కించకుండా వారాల తరబడి వదిలేస్తే ఆ సల్ఫేటు గట్టిపడి గచ్చు కడుతుంది. తర్వాత ఎంత చార్జింగు పెట్టినా కరగదు. బ్యాటరీలు అర్ధాయుష్షుతో పోవడానికి ఇదొక ముఖ్య కారణం.

చంపేది ఎండ, బయటపడేది వానలో

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. బ్యాటరీకీ ఆ ఎండే శత్రువు. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో ఎప్పటినుంచో ఉన్న లెక్క. ఎండకు నీరు ఆవిరవుతుంది, ప్లేట్ల జాలీ త్వరగా తినేస్తుంది, వాడకపోయినా చార్జింగు దానంతటదే దిగుతుంది. వేసవిలో పని లేక ట్రాక్టరు చెట్టు కిందో, ఎండలోనో రెండు నెలలు కదలకుండా ఉంటుంది. అప్పుడు జరిగిన నష్టం మృగశిరలో సెల్ఫ్ కొట్టినప్పుడు బయటపడుతుంది. "నిన్నటిదాకా బాగానే ఉందండీ, వాన పడగానే పోయింది" అని రైతులు అనేది ఇందుకే.

రెండో శత్రువు కుదుపు. రోటవేటరు పనిలో, గట్లు దాటేటప్పుడు బ్యాటరీ పెట్టెలో ఊగుతుంటే ప్లేట్ల మీది పూత రాలి అడుగున చేరుతుంది. ఆ మడ్డి పైకి పేరుకుని రెండు ప్లేట్లను కలిపిందంటే ఆ గడి చచ్చినట్టే. బ్యాటరీని పట్టి ఉంచే క్లాంపు ఊడిపోతే తాడుతో కట్టి నడిపించేవారున్నారు. కొద్దిపాటి క్లాంపుకు చూసుకుంటే వేల రూపాయల బ్యాటరీ పోతుంది.

మూడోది మట్టి. దమ్ములో చిమ్మిన బురద, నూర్పిడిలో పడిన దుమ్ము బ్యాటరీ పైన పేరుకుని, యాసిడ్ చెమ్మ తగిలితే ప్లస్ నుంచి మైనస్‌కు సన్నని దారి ఏర్పడుతుంది. రాత్రంతా కరెంటు ఆ దారిన కారిపోతుంది.

సెల్ఫ్ ఎంత తాగుతుంది? లైట్లు ఎంత తాగుతాయి?

చాలామంది సెల్ఫ్ వల్లే బ్యాటరీ దిగుతుందనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. సెల్ఫ్ కొట్టేటప్పుడు 250 ఆంపియర్లు లాగిందనుకున్నా, అయిదు సెకన్లే కాబట్టి ఖర్చయ్యేది 0.35 ఆంపియర్-గంటలు మాత్రమే. బండి కాసేపు పనిలో తిరిగితే అది తిరిగి ఎక్కేస్తుంది.

అదే ఇంజను ఆపి 55 వాట్ల లైట్లు రెండు వేసి ఉంచితే గంటకు సుమారు 9 ఆంపియర్లు పోతాయి. రాత్రిపూట ధాన్యం ఎత్తుతూ మూడు గంటలు అలాగే ఉంచితే 27 ఆంపియర్-గంటలు ఖర్చు. 75 ఆంపియర్-గంటల బ్యాటరీలో మూడో వంతుకు పైగా అయిపోయినట్టే. దీనికి పాటల పెట్టె, ఫోన్ల చార్జింగు తోడైతే తెల్లారి సెల్ఫ్ తిరక్కపోవడంలో వింత లేదు. ఇందులో బ్యాటరీ తప్పేమీ లేదు.

ఇంజను స్టార్ట్ కానప్పుడు ఆపకుండా సెల్ఫ్ కొట్టడం మంచిది కాదు. అయిదు నుంచి పది సెకన్లు కొట్టి, అర నిమిషం ఆగి మళ్లీ కొట్టాలి. మూడుసార్లకూ కాకపోతే డీజిల్‌లో గాలి చేరిందేమో, ఫిల్టరు మూసుకుందేమో చూడాలి.

మీటరు లేకుండా కనిపెట్టే పద్ధతి

ముందు హెడ్‌లైట్లు వేయండి. అవి వెలుగుతుండగా సెల్ఫ్ కొట్టండి. ఒకరు ముందు నిలబడి చూడాలి.

లైట్లు మొదటినుంచీ మందంగా ఉంటే బ్యాటరీలో చార్జింగు లేదని అర్థం.

లైట్లు బాగా వెలుగుతూ, సెల్ఫ్ కొట్టగానే పూర్తిగా చచ్చిపోతే బ్యాటరీ బలహీనమైనా కావాలి, టెర్మినల్ వదులైనా కావాలి. ముందు టెర్మినళ్లు ఊడదీసి శుభ్రం చేసి బిగించి మళ్లీ చూడండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయని అనుభవమున్న మెకానిక్కులు చెబుతారు.

సెల్ఫ్ కొట్టినా లైట్లు ఏమాత్రం తగ్గకపోతే కరెంటు సెల్ఫ్ మోటారు దాకా వెళ్లడం లేదు. సోలనాయిడ్, స్విచ్చి, క్లచ్చి దగ్గరుండే సేఫ్టీ స్విచ్చి చూపించాలి. దీనికి బ్యాటరీ మార్చడం దండగ.

ఇక బండి నెట్టి స్టార్ట్ చేశాక రేసు పెంచండి. లైట్లు కొద్దిగా వెలుగెక్కి నిలకడగా ఉంటే చార్జింగు ఎక్కుతున్నట్టు. మార్పే లేకపోతే చార్జింగు లేనట్టు. రేసుతో పాటు కళ్లు చెదిరేలా పెరుగుతూ బల్బులు మాటిమాటికీ మాడిపోతుంటే రెగ్యులేటర్ పాడై అతిగా ఎక్కుతున్నట్టు.

ఒక హెచ్చరిక. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, "ఇంజను ఆగలేదు కాబట్టి చార్జింగు ఉంది" అని తేల్చే అలవాటు ఇంకా కొందరికి ఉంది. డైనమో రోజుల్లో అది చెల్లింది. ఆల్టర్నేటర్ ఉన్న బండికి అలా చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగసి డయోడ్లు, రెగ్యులేటర్ మాడిపోతాయి. లేని జబ్బు కొని తెచ్చుకున్నట్టవుతుంది.

మీటరుంటే అనుమానమే ఉండదు

డిజిటల్ మల్టీమీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. నలుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర వైరు ప్లస్‌కు, నల్ల వైరు మైనస్‌కు ఆనించి నాలుగుసార్లు చూడాలి.

మొదటిది, రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే, సెల్ఫ్ కొట్టకముందు. 12.6 చూపితే నిండు చార్జింగు. 12.4 అయితే ముప్పావు వంతు. 12.2 అయితే సగం. 12 అయితే పావు వంతే మిగిలింది. 11.8 కన్నా తగ్గితే పూర్తిగా దిగినట్టు.

రెండోది, సెల్ఫ్ కొడుతుండగా. మంచి బ్యాటరీ 9.6 వోల్టులకు దిగువకు పోదు. పొద్దున 12.6 చూపించి, సెల్ఫ్ కొట్టగానే 7, 8కి పడిపోతే బ్యాటరీకి వయసైపోయినట్టే.

మూడోది, ఇంజను నడుస్తుండగా కొంచెం రేసు ఇచ్చి. 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. 13 కూడా దాటకపోతే చార్జింగు లేదు. 15కు చేరితే అతి చార్జింగు.

నాలుగోది, అదే స్థితిలో లైట్లన్నీ వేసి. అప్పుడు కూడా 13.5కు అటూఇటూగా నిలవాలి. బాగా పడిపోతే బెల్టు జారుతోందేమో ముందు చూడాలి.

ఈ నాలుగు అంకెలు కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లిన రైతుకు అక్కర్లేని బ్యాటరీ అంటగట్టడం ఎవరి తరమూ కాదు.

చార్జింగు ఎక్కకపోతే ఎక్కడ చూడాలి?

ముందు ఫ్యాను బెల్టు. రెండు కప్పీల మధ్య బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. అంతకు మించితే వదులు. బెల్టు లోపలివైపు నున్నగా మెరుస్తున్నా, పగుళ్లు కనిపించినా మార్చాలి. జారే బెల్టు ఆల్టర్నేటర్‌ను తిప్పదు, రేడియేటరునూ చల్లబరచదు. రెండు నష్టాలు.

తర్వాత వైర్లు. ఆల్టర్నేటర్ వెనక వైరు వదులైందా, ఎలుకలు కొరికాయా చూడాలి. బ్యాటరీ మైనస్ నుంచి బండి బాడీకి వెళ్లే ఎర్తు వైరును చాలామంది పట్టించుకోరు. దాని బోల్టు దగ్గర తుప్పు పడితే సెల్ఫ్‌కు బలం చాలదు, చార్జింగూ సరిగా ఎక్కదు. విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది, బిగిస్తే చాలు.

ఇవన్నీ బాగున్నా వోల్టేజి రాకపోతే అప్పుడు ఆల్టర్నేటర్ విప్పించాలి. కార్బన్ బ్రష్‌లు అరిగిపోవడం మామూలుగా కనిపించే లోపం. పాత డైనమో బండ్లకైతే కటౌట్ పాయింట్లు కూడా చూపించాలి. డైనమో తక్కువ రేసులో చార్జింగు ఇవ్వదన్నది గుర్తుంచుకోవాలి.

చార్జింగు బాగా ఎక్కుతున్నా తెల్లారేసరికి దిగిపోతుంటే ఒక తేలిక పరీక్ష ఉంది. సాయంత్రం మైనస్ వైరు ఊడదీసి ఉంచండి. పొద్దున్న తగిలిస్తే సెల్ఫ్ బాగా తిరిగిందనుకోండి, కరెంటు వైరింగులో ఎక్కడో కారుతోంది. వైరు తీసేసినా దిగిందంటే లోపం బ్యాటరీలోనే.

నీళ్ల దగ్గరే పొరపాటు

మూతలున్న బ్యాటరీకి పదిహేను రోజులకోసారి, వేసవిలో వారానికోసారి నీటి మట్టం చూడాలి. ప్లేట్లపైన అర అంగుళం వరకు నీరుండాలి. ప్లేట్లు గాలికి తేలితే ఆ భాగం ఎండి పనికిరాకుండా పోతుంది.

పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు, తాగడానికి కొనే డబ్బా నీళ్లు వద్దు. వాటిలోని ఉప్పు, ఇనుము, సున్నం ప్లేట్లను పాడుచేస్తాయి. యాసిడ్ కూడా పోయకూడదు. ఆవిరయ్యేది నీరే గాని యాసిడ్ కాదు. "యాసిడ్ పోస్తే బలం వస్తుంది" అనేది అపోహ. రెండు రోజులు బాగున్నట్టు కనిపించి, ప్లేట్లను తినేస్తుంది.

నీరు ఏ తీరున తగ్గుతోందో చూసినా జబ్బు తెలుస్తుంది. ఆరు గడుల్లోనూ సమానంగా, త్వరగా తగ్గుతూ కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంటే అతి చార్జింగు. ఒక్క గడిలోనే తగ్గుతుంటే ఆ గడి చెడిందనో, డబ్బా పగిలిందనో అనుమానించాలి.

హైడ్రోమీటరుతో చూస్తే ఇంకా స్పష్టం. నిండు చార్జింగులో 1240 నుంచి 1270 వరకు చూపిస్తుంది. 1200 దగ్గరుంటే సగానికి దిగినట్టు. అయిదు గడులు ఒకలా ఉండి, ఒక్కటి 50 పాయింట్లు, అంతకు మించి తక్కువ చూపితే ఆ బ్యాటరీకి రోజులు దగ్గరపడ్డాయి. నీళ్లు పోసిన వెంటనే చూస్తే లెక్క తప్పుతుంది.

బయట చార్జింగు పెట్టించేటప్పుడు

"రెండు గంటల్లో ఎక్కించి ఇచ్చేస్తాం" అంటే ఒప్పుకోవద్దు. బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో ఎక్కించాలి. 75 ఆంపియర్-గంటల బ్యాటరీకి 7.5 ఆంపియర్లు. పూర్తిగా దిగినదానికి ఈ లెక్కన పది నుంచి పన్నెండు గంటలు పడుతుంది. త్వరగా కావాలని ఎక్కువ కరెంటు పెడితే ప్లేట్లు వంగిపోతాయి. చేయి పెట్టలేనంత వేడెక్కితే ఆపి చల్లారనివ్వాలి. ప్లేట్లు తేలి ఉంటే అవి మునిగేంత వరకే ముందు నీరు పోసి, మిగతాది చార్జింగు పూర్తయ్యాక నింపాలి.

గచ్చు మీద పెడితే బ్యాటరీ దిగిపోతుందని పెద్దలు అంటుంటారు. పాతకాలపు కర్ర, రబ్బరు డబ్బాలకు అది కొంత నిజం. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు ఆ భయం లేదు. అది దిగేది వాడకుండా ఉంచడం వల్ల.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

బ్యాటరీ దిగిందని కొందరు స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ మోటారు టెర్మినళ్లు కలిపి, కింద నిలబడి స్టార్ట్ చేస్తారు. అలా చేస్తే క్లచ్చి, గేరు సేఫ్టీ స్విచ్చి ఏదీ అడ్డుపడదు. బండి గేరులో ఉంటే స్టార్టయిన క్షణమే ముందుకు దూకుతుంది. పెద్ద చక్రం పక్కనే నిలబడ్డ మనిషికి తప్పుకునే వ్యవధి ఉండదు. ఒక్క పూట దుక్కి ఆగినా ఫర్వాలేదు, ఈ పని మాత్రం వద్దు. స్టార్ట్ చేసేది సీటు మీద కూర్చునే.

చార్జింగులో ఉన్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. బీడీ నిప్పు, అగ్గిపుల్ల, ఒక్క రవ్వ చాలు, పేలి యాసిడ్ మొహం మీద పడుతుంది. గడుల్లో నీళ్లు చూడ్డానికి అగ్గిపుల్ల గీయొద్దు. విప్పేటప్పుడు మైనస్ ముందు తీయాలి, బిగించేటప్పుడు మైనస్ చివర పెట్టాలి. యాసిడ్ కంట్లో పడితే పావుగంట సేపు ధారగా మంచినీళ్లతో కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

చేతి స్ప్రేయరు బ్యాటరీ సంగతి

ట్రాక్టరు లేని రైతు ఇంట్లోనూ ఇప్పుడు బ్యాటరీ స్ప్రేయరు ఉంటోంది. చాలావాటిలో ఉండేది 12 వోల్టుల చిన్న సీల్డ్ బ్యాటరీ. దీనికి నీళ్లు పోసే పని లేదు. కానీ ఒక సీజనులో కొని, రెండో సీజనుకు పనిచేయక పక్కన పడేసినవి ఎన్నో. కారణం ఒకటే. చివరి మందు కొట్టాక దిగిన బ్యాటరీని అలాగే అటక మీద పెట్టేయడం.

మందు కొట్టిన రోజు సాయంత్రమే చార్జింగు పెట్టాలి. పంపు పూర్తిగా ఆగిపోయేదాకా వాడకూడదు. సీజను అయ్యాక నిండుగా ఎక్కించి, నెలకోసారి మళ్లీ పెట్టాలి. దానితో వచ్చిన చార్జరే వాడాలి. లిథియం బ్యాటరీ ఉన్న స్ప్రేయరైతే పద్ధతి వేరు. దాచేటప్పుడు సగం చార్జింగుతో చల్లని చోట ఉంచాలి. పాత రకం చార్జరు దానికి తగిలించడం ప్రమాదం.

కొనేటప్పుడు, పారేసేటప్పుడు

ట్రాక్టరుకు ట్రాక్టరు బ్యాటరీయే వేయాలి. బండి పుస్తకంలో చెప్పిన సామర్థ్యం చూసుకోవాలి. తయారైన నెల అడిగి తెలుసుకోవాలి. దుకాణంలో ఆరు నెలలు పడి ఉన్నది వద్దు. వారంటీ కార్డు మీద అమ్మిన తేదీ, సీరియల్ నంబరు, వాహనం రకం రాయించి ముద్ర వేయించుకోవాలి.

వారంటీలో రెండు భాగాలుంటాయి. మొదటి భాగంలో పోతే ఉచితంగా కొత్తది ఇస్తారు. రెండో భాగంలో కొంత శాతం తగ్గింపు మాత్రమే. ఆ తగ్గింపు డబ్బా మీది ధరపై లెక్కిస్తారు. మామూలుగా కొన్నా దుకాణదారు అంతకన్నా తక్కువకే ఇస్తాడు కాబట్టి మిగిలేది అంతగా ఉండదు. అందుకే "ఉచితంగా మార్చేది ఎన్ని నెలలు?" అనే అడగాలి. వారంటీ ఉండీ మార్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు కేసులకు రుసుము లేదు. బిల్లు మాత్రం ఉండాలి.

పాత బ్యాటరీ ఇంట్లో పగలగొట్టకూడదు. సీసం కరిగించి వల గుండ్లు పోసుకోవడం, యాసిడ్ కాలువలో వంచేయడం విషంతో ఆడుకోవడమే. సీసం ముందుగా దెబ్బతీసేది చిన్నపిల్లల మెదడును. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి సేకరించి తిరిగి వాడకంలోకి తెచ్చే బాధ్యత తయారీదారులదే. కొత్తది కొన్నచోటే పాతది ఇచ్చి, దాని ధర బిల్లులో తగ్గించుకోండి.

ఇవి మరువొద్దు

- వారానికోసారి బ్యాటరీ పైభాగం తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. మూతలకుండే సన్నని రంధ్రాలు మూసుకోకుండా చూడాలి.
- టెర్మినళ్లకు చిలుం పడితే తినే సోడా కలిపిన వేడినీళ్లతో కడగాలి. ఆ నీళ్లు గడుల్లో పడకూడదు. ఆరాక బిగించి, పైన వ్యాసలీన్ రాయాలి.
- క్లాంపు బిగువుగా ఉండాలి.
- బండి వాడని రోజుల్లో మైనస్ వైరు ఊడదీయాలి. నెలకోసారి చార్జింగు పెట్టించాలి. ఊరికే అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపితే ఎక్కేదానికన్నా పోయేదే ఎక్కువ.
- నీడన నిలపాలి.

ఇలా చూసుకుంటే ఏడాదిన్నరకే పోయే బ్యాటరీ మూడు, నాలుగేళ్లు వస్తుంది. ఎద్దుకు కుడితి పెట్టడం మరవని రైతు బ్యాటరీకి నెలకు రెండుసార్లు నీళ్లు చూడ్డం మరుస్తున్నాడు. రోహిణి కార్తె దాటకముందే ఒక్క పూట దీనికి కేటాయిస్తే, మృగశిర వాన పడ్డ రోజు నలుగురిని పిలిచి బండి నెట్టించే పని తప్పుతుంది.